నోట్లో పుండును దాచుకోవద్దు

ఏటా ఈ రోజున కూలి రేట్లు, నూలు ధరలు మాట్లాడుతుంటాం. ఈసారి నోటి క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. మేము చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే మన్నించాలి.

సోలాపూర్‌లో మన ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు ఈదారు. పొగాకు మనకు పరాయిది కాదు. నూలు దగ్గర నిప్పు కూడదని మగ్గం కాడ బీడీ ముట్టించం. దానికి బదులు బుగ్గన మావా పెట్టుకుంటాం. మహారాష్ట్రలో 2012లో గుట్కా నిషేధం వచ్చింది, మన అలవాటు మాత్రం పోలేదు.

మా సంఘంలో ఒక మంచి పనిమంతుడు బుగ్గలో పుండును నాలుగు నెలలు దాచాడు. "పన్ను గీసుకుంది అన్నా" అనేవాడు. సరేలే అని నూలు తూచి పంపాం. ఆయన పొట్లంలోంచి చిటికెడు తీసుకున్నవాళ్లం మేమే. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి జబ్బు మెడలోకి దిగింది.

అక్కడ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కణం పైన ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ ఉంటుందట. అది కైనేజ్ జాతిది. కైనేజ్ పని, ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ అనే ముద్ర వేయడం. బయటి నుంచి పెరగమని కబురు రాగానే ముద్ర పడుతుంది, ఒకటి ఇంకోదాన్ని లేపుతుంది, కబురు కణం నడిమికి చేరుతుంది. పని అయ్యాక ముద్రలు తుడిచేసేవీ ఉంటాయి.

మాకు మగ్గమే గుర్తొచ్చింది. కాలితో పలక తొక్కితే పడుగు విడుతుంది, నాడె పోతుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. తల, మెడ క్యాన్సర్లలో చాలావాటిలో ఈ ఈజీఎఫ్ఆర్ లెక్కకు మించి ఉంటుంది. పలక కిందికే ఇరుక్కున్నట్టు. ఇక ఆగేది లేదు, గడ్డ పెరుగుతూనే పోతుంది.

దీన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్ అనే మందుకు అమెరికాలో 2006లో తల, మెడ క్యాన్సర్‌కు అనుమతి ఇచ్చారు. కాని ఖరీదెక్కువ, అందరికీ పని చేయదు. ఈ దారి మూస్తే జబ్బు పీఐ3కే అనే ఇంకో దారి పట్టవచ్చునట. అందుకే మొదట్లోనే పట్టుకోవాలి.

మా పనిమంతుడికి సగం దవడ తీసేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు నూలు లెక్క సైగలతో చెబుతాడు. ఆ సైగలు చూస్తూ లెక్క రాయడం మాకు కష్టంగా ఉంటుంది.

రెండు వారాల్లో మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనబడ్డా వెంటనే డాక్టరుకు చూపించండి. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే. మేము మావా మానేశాం. సంఘం ఆఫీసులో నూలు తూచే చోట ఒక అద్దం తగిలించాం. నూలు తీసుకోను వచ్చినవాళ్లు ముందు నోరు తెరిచి చూసుకోవాలి. మీ మీ సంఘాల్లోనూ ఒక అద్దం తగిలించండి. అంతే మేము కోరేది. సెలవు.