ముంపుకు ముందు మనము చేయవలసినది



పోలవరం జలాశయములో నీరు 45.72 మీటర్లు, అనగా 150 అడుగుల మట్టమున నిలుచునట్లు నిర్ణయించినారు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల అడవిలో కొంత భాగము ఆ మట్టమునకు క్రిందనే ఉన్నది.

రోడ్లను, కరెంటు స్తంభములను ఎత్తుకు మార్చుట అధికారుల పని. ఊరు విడుచునపుడు పురుగుమందు డబ్బాలు అక్కడ వదలకుండుట మన పని.

అడవి కొట్టు కూలికి పోవువారు నది ఒడ్డున మొదలిడి కొండవైపు సాగవలెను. అప్పుడు మృగములు ముందుగానే ఎత్తుకు తప్పుకొనును. పైనుండి కొట్టినచో పల్లములో చిక్కి, నీరు పెరిగిన కొద్దీ దిబ్బలమీద మిగిలిపోవును.

కొత్త కాలనీల ప్రక్క చేలమీద అడవిపందులు పడునని మీ భయము. నిజమే. అందుకని కంచెకు కరెంటు పెట్టవద్దు. రాత్రివేళ నీరు కట్టబోయిన ప్రక్క చేని రైతే దానికి బలియగును; అది నేరము కూడ. మొక్కజొన్న చుట్టు నాలుగు వరుసలు ఆముదము దగ్గరదగ్గరగా వేయండి. పంది ఆముదమును ముట్టదు. గింజలు మీకు అదనపు రాబడి. వేరుశనగకు ముండ్లుగల కుసుమ మేలు. పందుల బెడద పూర్తిగా పోవునని నేను చెప్పను, తగ్గును. అయితే పంటతోపాటే విత్తవలెను. కండె పట్టిన తరువాత వేసిన ఆముదము కాపలాకు రాదు.