కుక్కపిల్లకు ఆహారపు మార్పు

పటాన్‌చెరువు దాటి పాశమైలారం పారిశ్రామికవాడలో ప్రవేశించినచో, ఫ్యాక్టరీ గేట్లవద్ద కుక్కలును, చలికాలమున వాని వెంట పిల్లలును కనిపించుచుండును. రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడు ముచ్చటపడి ఒక పిల్లను ఇంటికి తీసికొనిపోవుటయు కలదు. చిక్కంతయు ఆ మరునాడు గిన్నెలో ఏమి పెట్టవలెనను దానితో ఆరంభమగును.

మేమును అట్లే ఒక పిల్లను తెచ్చితిమి. గేటువద్ద దానికి దొరకినది తల్లిపాలును, కాంటీన్‌వారు వేసిన అన్నమును. మేము మొదటి దినముననే గిన్నెనిండ గేదెపాలును, ఖరీదైన పొట్లపు మేతయు పెట్టితిమి. మూడవ నాటికి విరేచనములు పట్టుకొని పిల్ల లేవలేకపోయెను. పశువైద్యుడు పరీక్షించి, "దోషము మేతది కాదు, మీ తొందరది" అనెను.

ఆయన చెప్పిన కారణ మిది. ప్రేవులలోని సూక్ష్మజీవులు అలవాటైన తిండికి తగినట్లు ఏర్పడియుండును. కొత్త తిండి ఒక్కసారిగా వచ్చిపడినచో అవి తట్టుకొనజాలవు. పాలలోని లాక్టోజ్ అను చక్కెరను అరిగించుకొను శక్తియు, పిల్ల తల్లిపాలు మానినకొలది తగ్గిపోవును. కనుక మార్పు మెల్లగా జరుగవలెను. మొదటి రెండు దినములు పాత తిండి మూడు పాళ్ళు, కొత్తది ఒక పాలు. తరువాతి రెండు దినములు సగము సగము. ఆపై రెండు దినములు కొత్తది మూడు పాళ్ళు. ఏడవ నాడు పూర్తిగా కొత్తది. నడుమ విరేచనము పలుచనైనచో ఒక మెట్టు వెనుకకు దిగవలెను.

ఇక ఎన్నిక విషయము. కుక్క మాంసమే తినవలెననుట సరికాదు. తోడేళ్ళకంటె కుక్కలు పిండిపదార్థమును బాగుగా అరిగించుకొనగలవని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో వెల్లడించిరి. అన్నమైనను, జొన్న సంకటియైనను పెట్టవచ్చును. కాని అవి మాత్రమే చాలవు. ఎదిగెడి పిల్ల మేతలో, తేమ తీసివేసిన లెక్కను, నూటికి కనీసము 22.5 పాళ్ళు మాంసకృత్తులుండవలెనని అమెరికా ప్రమాణము. పెద్ద కుక్కకు 18 చాలును. బియ్యములో నుండునది 7, 8 పాళ్ళే. కావున ఉడికించిన గ్రుడ్డు, ఎముక తీసిన కోడిమాంసము కలుపవలెను. ఇంటి వంటలో సున్నపు పాలు తక్కువగుట సామాన్యము. దాని కొలతను వైద్యునడిగి తెలిసికొనవలెను. పొట్లపు మేత కొనువారు అది ఎదిగెడి పిల్లలకు సంపూర్ణాహారమని వ్రాసియున్నదా యని చూడవలెను. అట్టి మేతకు తోడు కాల్షియం టానిక్కు పోయరాదు. పెద్దజాతి పిల్లలకు దానివలన ఎముకలు వంకరపోవును.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను నశింపజేయును. కనుక కూర, సాంబారు కలిపిన అన్నము వలదు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు దరిజేరనీయరాదు. నాలుగు నెలలవరకు దినమునకు నాలుగు పూటలు, ఆరు నెలలవరకు మూడు, పిదప రెండు పూటలు పెట్టిన చాలును.

వాంతులతో నెత్తుటి విరేచనములైనచో అది తిండి మార్పువలన వచ్చినదని ఊరకుండరాదు. పార్వో అను ప్రాణాంతక వ్యాధి కావచ్చును; ఆ గంటయే పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దాని టీకా ఆరు, ఎనిమిది వారముల నడుమ మొదలుపెట్టవలసినది.

మా పిల్లకు వైద్యుడు పాలు మాన్పించి, అది ఎరిగిన మెత్తని అన్నముతోనే మరల ఆరంభింపజేసెను. పదునైదు దినములకు కోలుకొన్నది. గేటువద్దనుండి పిల్లను తెచ్చువారు, అంతవరకు అది ఏమి తినుచుండెనో అచ్చటి వాచ్‌మన్ నడిగి మరీ తెచ్చుకొందురుగాక.