తోక సరిగ్గా కూర్చోవాలి
(మన సంఘం పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా కేసు తీర్పు గుర్తుకొస్తుంది. దాని గురించి చెప్పగల పెద్దలు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి విశేషం ఏదైనా పది నిమిషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి మీలో చాలామంది నాకన్నా బాగా చెప్పగలరు. నేను ఒక విమానం తోక గురించి చెబుతాను. నవ్వకండి. ఆ తోక బిగించిన రోజున టేపు ఒక కొస పట్టుకున్నవాణ్ణి నేనే.

నాలుగేళ్ళ క్రితం మా దంపతులం టెక్సాసులో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాం. పక్కింట్లో మన శ్రీకాకుళం వైపు కుర్రాడు ఉండేవాడు. అతని కారు షెడ్డులో కారు లేదు, విమానం ఉంది! అక్కడ విడిభాగాల పెట్టెలు కొని ఇంట్లోనే విమానం కట్టుకోవచ్చు. ఆరిగన్ రాష్ట్రంలో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే సంస్థ ఉంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఆయన 1973లో స్థాపించాడు. ఆ సంస్థ నమూనాలతో జనం సొంతంగా కట్టుకుని ఎగరేసిన విమానాలు ఇప్పటికి పదివేలు దాటాయి. అయితే అక్కడి నిబంధనల ప్రకారం తయారీ పనిలో సగానికి మించి ఔత్సాహికులే చేసి ఉండాలి. అందుకు రుజువుగా ఏ రోజు ఏ పని చేసిందీ పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన సర్వీసు రిజిస్టరే!

మాకు పగలు తోచేది కాదు. నేను ఆ షెడ్డుకు చేరేవాణ్ణి. "బాబాయ్ గారూ, ఈ కొస పట్టుకోండి" అనేవాడు. అలా నాకు ఉద్యోగం దొరికింది.

తోకకు రెండు ముఖ్య భాగాలున్నాయి. ఒకటి అడ్డంగా ఉండే చిన్న రెక్క. విమానం ముక్కు వైపు కాస్త బరువు మొగ్గుతుంది కనుక ఈ రెక్క మామూలుగా వెనుక భాగాన్ని కిందికి నొక్కి సమం చేస్తుంది. రెండోది నిలువు రెక్క. ఇది ముక్కును గాలికి ఎదురుగా నిలుపుతుంది. దాని వెనుక కదిలే పలక, మన ఫిషింగ్ హార్బరులో మరబోట్లకుండే చుక్కాని లాంటిది. అడ్డరెక్క మధ్య నుంచి కొస నాలుగడుగులుందనుకోండి. మధ్యలో ఒక్క డిగ్రీ వాలితే కొస దగ్గర ముప్పావు అంగుళం దాటి తేడా వస్తుంది. తోక వంకరగా కూర్చున్న విమానం ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. నడిపేవాడు దారి పొడుగునా దానితో పెనుగులాడాలి.

కనుక బిగించడానికి ఒక వరుస ఉంది. ముందుగా విమానం మొండెాన్ని నిడివిలోనూ, అడ్డంగానూ మట్టానికి తేవాలి. అది కుదిరాకే తోక జోలికి వెళ్ళాలి. తర్వాత అడ్డరెక్కను పెట్టి, మన మేస్త్రీలు పునాదికి వాడే నీళ్ళ గొట్టంతో రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూడాలి. తర్వాత మొండెం మధ్యగీత మీద ముందు వైపు ఒక చుక్క పెట్టి, అక్కణ్ణుంచి ఎడమ కొసకూ, కుడి కొసకూ టేపు లాగాలి. రెండు కొలతలూ ఒకటైతే రెక్క మెలిక లేకుండా ఉన్నట్టు. ముందుకూ వెనక్కూ ఎంత వాలు ఉండాలో నక్షాలో ఉంటుంది, దాని ప్రకారం సర్దాలి. చివరగా నిలువు రెక్క. దానికి తూకం గుండు వేలాడదీసి చూడాలి, దాని శిఖరం నుంచి అడ్డరెక్క రెండు కొసలకూ దూరం సమంగా రావాలి. కొన్ని నమూనాల్లో ప్రొపెల్లరు గాలి విసురుకు విరుగుడుగా దీని ముందు భాగాన్ని కావాలనే ఇసుమంత పక్కకు జరుపుతారు. అది తప్పనుకుని సరిదిద్దకూడదు. నక్షా ఎలా చెబితే అలాగే చేయాలి.

ఇంత చూశాకే డ్రిల్లు పట్టాలి. ఎందుకంటే రంధ్రం పడ్డాక వెనక్కి తీసుకోలేం. పైగా రంధ్రం మధ్య నుంచి లోహపు అంచుకు కనీసం రంధ్రం వ్యాసానికి రెట్టింపు దూరం ఉండాలని వారి లెక్క. అది తప్పితే ఆ ముక్క పారేసి కొత్తది తెప్పించుకోవాలి.

ఆ శనివారం అన్నీ కుదిరాయి. ఎడమ కొలత, కుడి కొలత ఒక్కటే వచ్చాయి. కుర్రాడు డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. వాకిట్లో అతని భార్య చంటిపిల్లను ఎత్తుకుని నిలబడింది. వాళ్ళిద్దరూ ఎక్కబోయే విమానం అది.

నాకు ఉన్నట్టుండి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నా ఉద్యోగకాలంలో ఒకసారి సర్వీసు రిజిస్టరు పాతబడితే కొత్తది రాశాను. భార్య పేరు అసలు కాగితం చూసి రాయకుండా మరో నకలు చూసి రాసి, 'సరిచూడబడినది' అని సంతకం చేశాను. నకలుకు నకలు సరిపోయింది, నిజమే. పేరు మాత్రం తప్పు. ఆ ఉద్యోగి పోయాక ఆవిడకు కుటుంబ పింఛను తొమ్మిది నెలలు ఆగిపోయింది. చిన్న పిల్లలతో వచ్చి నా బల్ల ముందే నిలబడేది. ఆ తప్పు నాదేనని ఆవిడకు ఏనాడూ చెప్పలేదు. ఈ రోజు మీ అందరి ముందూ చెబుతున్నాను.

"ఆగు నాయనా, ఒక్కసారి చేతులు మారుద్దాం. నీ కొస నాకివ్వు, నా కొస నువ్వు పట్టుకో. కొలత పైకి చదువు, నేను రాస్తాను" అన్నాను.

"ఇప్పుడే చూశాం కదా బాబాయ్ గారూ!"

"చూశాం. కానీ ఎక్కణ్ణుంచి చూశామో చూడలేదు."

చేతులు మార్చి కొలిస్తే పావు అంగుళం తేడా! మన వడ్రంగుల లెక్కలో రెండు నూళ్ళు. ఏమైందంటే, మొదటిసారి ఎడమవైపు రెక్క అంచుకు టేపు పెట్టాం, కుడివైపు లోపలి రివెట్టుకు పెట్టాం. తప్పు చుక్కకు పట్టడం వల్ల వంకర రెక్క తిన్నగా కనిపించింది. ఆరంభ నిల్వలు వేరైన రెండు పద్దుల్లో మొత్తం ఒకటే వస్తే మనం సంతోషిస్తామా?

అతను డ్రిల్లు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. బిగింపులు వదులు చేసి, రెక్కను జరిపి, మళ్ళీ మొదటి నుంచి అన్నీ కొలిచాం. పొద్దున మొదలుపెట్టిన పని దీపాలు పెట్టే వేళకు అయింది. రంధ్రాలు వేశాక అతను ఆ రోజు పుటలో అంకెలు రాసి, 'కొలతలు చూసినవారు' అని గీత గీసి నా ముందు పెట్టాడు. రిటైరయ్యాక నేను బాధ్యతతో చేసిన సంతకం అదొక్కటే. ఈసారి అసలు చూసే చేశాను.

ఏడాదిన్నర తర్వాత, తనిఖీ అయ్యాక, విమానం ఎగిరిందని ఫోను చేశాడు. తోక విషయంలో దిద్దాల్సింది ఏమీ రాలేదట.

మన ఊళ్ళోనే చూడదలచినవారు బీచ్ రోడ్డుకు వెళ్ళండి. 29 ఏళ్ళు నౌకాదళానికి సేవ చేసి 2017 మార్చిలో విశ్రాంతి తీసుకున్న టీయూ-142 విమానాన్ని భాగాలుగా విడదీసి తెచ్చి, కురుసుర జలాంతర్గామి ఎదురుగా మళ్ళీ కూర్చారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. నిడివి 50 మీటర్ల పైమాటే. మనవలను తీసుకెళ్ళినప్పుడు ఒకసారి వెనక్కి వెళ్ళి తోక చూపించండి.

చివరగా ఒక మనవి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు, బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు మూడూ ముందు పెట్టుకోండి. భార్యాభర్తల పేర్లు, పుట్టిన తేదీలు ఒకరు పైకి చదవండి, మరొకరు టిక్కు పెట్టండి. తర్వాత చేతులు మార్చుకోండి. తేడా ఉంటే మనం బతికుండగానే సరిచేయించుకుందాం. ఆ తర్వాత తిరగవలసింది మనం కాదు, మన ఇంటివాళ్ళు.