కడుపులో పుండు: నేరం మిరపకాయదేనా?



"మా ఆయన కారం ఎక్కువ తింటాడండీ, అందుకే అల్సర్ వచ్చింది" అని మీలో చాలామంది అంటారు. గుంటూరు మిర్చి యార్డుకు దేశమంతటా పేరుంది. గొడ్డుకారం, నెయ్యి వేసుకోనిదే మనకు ముద్ద దిగదు. అందుచేత కడుపులో మంట అనగానే నేరం మిరపకాయ మీద మోపుతాం. కాని అసలు దోషులు వేరే ఉన్నారు.

మన జీర్ణాశయంలో ఆహారాన్ని అరిగించడానికి ఘాటైన ఆమ్లం ఊరుతుంది. ఆ ఆమ్లం జీర్ణాశయం గోడను తినివేయకుండా లోపల ఒక జిగురు పొర కాపాడుతుంది. ఆ పొర దెబ్బతిన్నచోట పుండు పడుతుంది. చిన్నపేగు మొదటి భాగంలో కూడా పడవచ్చు.

మొదటి దోషి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మక్రిమి. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే ఒకరి నుండి ఒకరికి సోకుతుంది. అల్సర్‌కు కారణం ఆందోళన, మసాలాలు అని డాక్టర్లే నమ్మిన కాలంలో, 1982లో, ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

రెండవ దోషి మన ఇంట్లోనే ఉంది. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి రోజంతా వంగి పనిచేస్తే నడుము, కీళ్ళు పట్టేస్తాయి. సాయంత్రం కొట్లో ఒక నొప్పుల బిళ్ళ కొని వేసుకుంటే తెల్లవారి మళ్ళీ పనికి పోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి ఈ బిళ్ళలు నొప్పిని తగ్గిస్తూనే, కడుపులోని రక్షణ పొరను పలచబరుస్తాయి. "ఇంజక్షనైతే కడుపుకు ఏమీ కాదు" అనుకోకండి. అదే మందు సూదితో ఇచ్చినా రక్తం ద్వారా అదే హాని చేస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్ ఉన్న పుండును మానకుండా చేస్తాయి.

మరి కారం? పుండు ఉన్నవారికి కారం తింటే మంట పెరగవచ్చు. అలాంటివారు తగ్గించుకోవాలి. కాని కారం మాని పెరుగన్నం తిన్నంత మాత్రాన క్రిమి చావదు, బిళ్ళల వల్ల జరిగే హాని ఆగదు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి:

- మలం తారులా నల్లగా, జిగటగా రావడం. ఐరన్ బిళ్ళలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది. అయినా డాక్టరుకు చెప్పండి.
- రక్తం వాంతి కావడం, లేదా వాంతి కాఫీ పొడిలా ఉండడం.
- ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి పొట్ట బిగుసుకుపోవడం.
- బరువు తగ్గడం, ముద్ద మింగుడుపడకపోవడం, మనిషి పాలిపోవడం.

మొదటి మూడింటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే "గ్యాస్ నొప్పే" అని సోడా తాగించి పడుకోబెట్టకండి. అది గుండెపోటు కావచ్చు.

అల్సర్ చాలావరకు మందులతోనే నయమవుతుంది. క్రిమి ఉన్నట్టు పరీక్షలో తేలితే యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే మంట తగ్గిందని మానేస్తే క్రిమి మిగిలిపోతుంది, ఆ మందులకు లొంగకుండా పోతుంది. ఇంట్లో అందరి మందులూ గుర్తుపెట్టుకునేది మీరే కనుక, పూర్తిగా వాడించే బాధ్యత మీదే.

చివరగా ఒక్క మాట. ఈసారి డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు మీ రోగి వాడుతున్న బిళ్ళలన్నీ, కొట్లో కొన్న నొప్పుల బిళ్ళలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. "కోప్పడతారేమో" అని దాచకండి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అడిగి చేయండి. మీరు దాచిన ఒక్క బిళ్ళ వల్లే జబ్బుకు అసలు కారణం మాకు తెలియకుండా పోవచ్చు.