పెడల్ ఖరీదు, పాట విలువ

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వారం మనము ఆలోచించబోయే సంగతి కొందరికి కొత్తగా ఉండవచ్చు. గిటారు వాయించేవారి కాళ్ల దగ్గర చిన్న చిన్న లోహపు పెట్టెలు వరుసగా ఉండటం మీరు చూసే ఉంటారు. కాలితో నొక్కగానే గిటారు స్వరం మారిపోతుంది. ఒక పెట్టె స్వరాన్ని గరగరలాడిస్తుంది. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది. ఇంకొకటి చిన్న గదిలో వాయించినా పెద్ద మందిరములో వాయించినట్లు వినిపింపజేస్తుంది. వీటిని ఎఫెక్ట్స్ పెడల్స్ అంటారు.

"మా ఇంట్లో గిటారు లేదు, ఈ ప్రసంగం నాకెందుకు" అని దయచేసి రేడియో కట్టేయకండి. మీ ఇంట్లో అది కెమెరా కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, మోటారు సైకిలు కావచ్చు. ఖరీదైనది కొంటే పని నిజంగా బాగుపడుతుందా అనే ప్రశ్న మనందరిదీ.

కొద్ది వారాల క్రితం ఒక యౌవనస్థుడు మాకు ఉత్తరం రాశాడు. ఆదివారం ఆరాధనలో గిటారు వాయిస్తాడట. అమెరికాలో ఒక చిన్న వర్క్‌షాపులో తయారైన ఓవర్‌డ్రైవ్ పెడల్ కొనాలని జీతములో నుండి నెలనెలా దాచుకుంటున్నాడు. రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే 30 వేల రూపాయలు దాటుతుందట. తండ్రి మాత్రం, "వానలు వస్తున్నాయి, ఇంటిమీద రేకులు మార్చాలి, ఆ డబ్బాకు అంత డబ్బా?" అన్నాడు. ఆ యౌవనస్థుడు రెండు ప్రశ్నలు అడిగాడు. "అయ్యగారూ, ఆ పెడల్‌కు నిజంగా అంత విలువ ఉందా? దేవుని పని కోసమే కదా, నాన్నగారు వద్దన్నా కొంటే తప్పా?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పకుండా రెండవదానికి వెళ్లడం న్యాయం కాదు. అందుచేత ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాము.

మన ఊళ్లలో బొటిక్ అంటే ఆడవాళ్ల బట్టలు ప్రత్యేకంగా కుట్టి అమ్మే షాపు. సంగీత పరికరాలలో కూడా ఇంచుమించు అదే అర్థం. పెద్ద ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో కాకుండా, కొద్దిమంది కూర్చొని కొద్ది సంఖ్యలో చేసిన పెడల్‌ను బొటిక్ పెడల్ అంటారు.

గరగరలాడే స్వరానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని నాష్‌విల్ పట్టణములో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తుండగా, మిక్సింగ్ బల్లలో ఒక భాగం చెడిపోయి, బేస్ గిటారు స్వరం బొంగురుగా వచ్చింది. దానిని తీసివేయకుండా అలాగే ఉంచారు. ఆ పాట 1961లో వెలువడింది. గ్లెన్ స్నోడీ అనే రికార్డింగ్ ఇంజనీరు ఆ చెడిన స్వరాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్‌గా అమ్మకానికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ఒక పాటలో వాడిన తరువాత దానికి గిరాకీ పెరిగింది. గమనించండి, ఈ స్వరం ఏ అరుదైన లోహములో నుండీ పుట్టలేదు. ఒక రిపేరులో నుండి పుట్టింది.

అది పనిచేసే విధానం కూడా సులువే. గిటారు తీగెల నుండి వచ్చే విద్యుత్తు అలలాగా లేస్తూ పడుతూ ఉంటుంది. పెడల్ దానిని పెద్దది చేసి, పైకొనలను కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపే మనకు గరగరగా వినబడుతుంది. ఇందుకు ఒక చిన్న చిప్పు, రెండు మూడు డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు చాలు. 1970ల చివరలో జపానులో తయారైన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్‌లో వాడిన 4558 అనే చిప్పు చాలా మామూలు రకం. ఈనాడు వందల డాలర్లకు అమ్మే ఎన్నో ఓవర్‌డ్రైవ్ పెడల్స్ ఆ సర్క్యూట్‌కు కొద్దిపాటి మార్పులు చేసినవే.

"అలాగైతే ఇంత ధర మోసమే కదా" అని మీరు అనవచ్చు. తొందరపడకండి. లోపలి సరకు ధరను బట్టి వస్తువు ధర కట్టలేము. చీరలోని నూలును తూచి నేతగానికి కూలి ఇస్తామా? చిన్న వర్క్‌షాపులో మనిషి ఒక్కొక్క అతుకూ సోల్డరింగ్ చేయాలి, ఒక్కొక్క పెడల్‌నూ వాయించి పరీక్షించాలి. గట్టి స్విచ్చి, గట్టి జాక్ వేయాలి. చెడిపోతే బాగుచేసి ఇవ్వాలి. పెద్ద ఫ్యాక్టరీ పదివేల పెట్టెల మీద పంచుకొనే ఖర్చును అతడు రెండు వందల పెట్టెల మీద వేసుకోవాలి. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారము పని కోసం బెసలేలు అనే పనివానికి దేవుడే నేర్పు ఇచ్చాడని చదువుతాము. చేతిపనికి దేవుని దగ్గర గౌరవము ఉంది. కాబట్టి పనివానికి తగిన కూలి ఇవ్వడం దుబారా కాదు.

అయితే ధరలో కూలి కానిది కూడా ఒకటి ఉంటుంది. ఒక ఉదాహరణ చెబుతాను. క్లాన్ సెంటార్ అనే పెడల్‌ను అమెరికాలోని బోస్టన్ ప్రాంతములో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుండి 2009 వరకు చేశాడు. మొత్తం 8 వేలకు అటూ ఇటూగా మాత్రమే చేశాడు. ఎవరూ నకలు చేయకుండా లోపలి సర్క్యూట్ మీద గట్టిపడే జిగురు పోశాడు. అప్పట్లో దాని ధర కొన్ని వందల డాలర్లు. ఈనాడు వాడిన సెంటార్ కొనాలంటే వేల డాలర్లు పెట్టాలి. ఎవరో ఆ జిగురు కరిగించి లోపలి సర్క్యూట్ గీసి బయటపెట్టారు. ఆ తరువాత ఎన్నో కంపెనీలు అదే తరహా పెడల్స్ చేశాయి. ఎలక్ట్రో హార్మోనిక్స్ కంపెనీ సోల్ ఫుడ్ అనే పేరుతో 100 డాలర్ల లోపే అమ్మింది. ఫినెగన్ స్వయంగా తరువాత తెచ్చిన చిన్న నమూనా మీద, ఈ వెర్రి మోజుకు తాను కారణం కాదనే భావము వచ్చేలా ఒక మాట అచ్చు వేయించాడు. చేసినవాడే వద్దన్న మోజును కొనేవాడు నెత్తిన పెట్టుకొంటున్నాడు. వందల డాలర్లకూ వేల డాలర్లకూ మధ్య ఉన్న తేడా స్వరానికి కట్టిన ధర కాదు, అరుదైన వస్తువు నా దగ్గర ఉందనే తృప్తికి కట్టిన ధర.

ఇటువైపు కూడా చూడండి. నారింజ రంగులో ఉండే బాస్ డీఎస్-1 పెడల్ 1978లో వచ్చింది. అప్పటి నుండీ తక్కువ ధర పెడల్స్‌లో అదొకటి. కర్ట్ కోబేన్, జో సాట్రియాని వంటి పేరుపొందిన వాద్యకారులు దానిని వాడారు. జేహెచ్ఎస్ అనే బొటిక్ సంస్థ కూడా 2020లో ఏ అలంకారమూ లేని తెల్లని పెట్టెలలో 99 డాలర్ల పెడల్స్ వరుసను తెచ్చింది. ఖరీదైనవి చేసేవారికే తెలుసు, మంచి స్వరానికి ఎక్కువ ధర తప్పనిసరి కాదని.

మరి ఎక్కువ ధర ఎక్కడ నిజంగా పనికొస్తుంది? రెండు చోట్ల అంటాను. మొదటిది, పని ఎక్కువ చేసే పెడల్. 2013లో స్ట్రైమన్ సంస్థ తెచ్చిన బిగ్‌స్కై అనే పెడల్ 479 డాలర్లకు వచ్చింది. అందులో 12 రకాల ప్రతిధ్వనులు, మనం అమర్చుకొన్న స్వరాలను దాచుకొనేందుకు 300 స్థానాలు ఉన్నాయి. పాశ్చాత్య దేశాల సంఘాలలో గిటారు వాయించేవారు ఎంతోమంది దానిని వాడుతున్నారు. అందులో డబ్బు సాఫ్ట్‌వేరుకు, నిజమైన సౌకర్యానికి వెళ్తుంది. రెండవది, రోజూ వాడి బ్రతుకు సంపాదించుకొనేవాని పెడల్. వారానికి నాలుగు కచేరీలు వాయించేవానికి గట్టి జాక్, గట్టి స్విచ్చి అవసరం. పాట మధ్యలో పెడల్ ఆగిపోతే అతని కూలి పోతుంది.

ఇప్పుడు మన సంఘాల సంగతికి వద్దాము. మన మందిరాలలో చాలావాటిలో గిటారు యాంప్ ఉండదు. గిటారు కేబులును నేరుగా మిక్సరులో పెడతారు. ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను రూపొందించేది ముఖ్యంగా గిటారు యాంప్ కోసం. యాంప్‌లోని స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్ పైన ఉన్న కీచు స్వరాలను చాలావరకు అణచివేస్తుంది. మిక్సరు అణచదు, సౌండు బాక్సులూ అణచవు. కాబట్టి 30 వేల పెడల్ అయినా, 3 వేల పెడల్ అయినా నేరుగా మిక్సరుకు కలిపితే తేనెటీగల తుట్టె కదిలినట్లే వినిపిస్తుంది. అక్కడ కావలసింది స్పీకరు స్వభావాన్ని అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్. ఈనాడు తక్కువ ధరలో దొరికే మల్టీ ఎఫెక్ట్స్‌లో కూడా అది ఉంటోంది. ఇంకా, పాత తీగెలు మార్చారా? శ్రుతి సరిగా ఉందా? కేబులు తెగి అతికించినదా? అన్ని పెడల్స్‌కూ ఒకే అడాప్టరు వాడి, ఆ కూత పెడల్‌దే అనుకుంటున్నారా? ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఒక పరీక్ష చెబుతాను, చేసి చూడండి. స్నేహితుని దగ్గర ఖరీదైన పెడల్, మీ దగ్గర మామూలు పెడల్ ఉన్నాయనుకోండి. రెండింటి శబ్దం సమానంగా పెట్టండి. ఇది ముఖ్యము, ఎందుకంటే కొంచెం ఎక్కువ శబ్దం వచ్చేదే మన చెవికి మంచిదిగా తోస్తుంది. మీరు వెనుకకు తిరిగి వినండి, మరొకరు మార్చి మార్చి వాయించాలి. పది సార్లలో ఎన్నిసార్లు సరిగా గుర్తుపట్టారో రాసుకోండి. కీబోర్డు, ప్యాడ్స్, నలభై గొంతులు కలిసిన తరువాత మళ్లీ ప్రయత్నించండి. ఆ కాగితమే మీకు నిజం చెబుతుంది.

శ్రోతలారా, ఇక రెండవ ప్రశ్న. "దేవుని పని కోసమే కదా" అన్నాడు ఆ తమ్ముడు. బేతనియలో యేసు మీద విలువైన అత్తరు పోసిన స్త్రీని చాలామంది గుర్తుచేస్తారు. దాని వెల 300 దేనారములకు పైనే అని అక్కడున్నవారు లెక్కగట్టారు. ఆ రోజులలో కూలివానికి దినమునకు ఒక దేనారము, అంటే ఇంచుమించు ఏడాది కూలి. ప్రభువు ఆమెను ఆపలేదు, మెచ్చుకొన్నాడు. నిజమే. అయితే ఆమె అత్తరు తనది, పోసిన తరువాత ఆమె చేతిలో ఏమీ మిగలలేదు. పెడల్ అలా కాదు. ఆరాధన అయిన తరువాత అది మన సంచిలోనే ఇంటికి వస్తుంది, ఫోటోలో కనబడుతుంది, రేపు అమ్మితే డబ్బు మన జేబులోకే వస్తుంది. అందుచేత దానికి కానుక అని పేరు పెట్టకూడదు. "నాకు ఇష్టం, అందుకే కొంటున్నాను" అంటే అది నిజాయితీ గల మాట. ఇష్టము పాపము కాదు. ఇష్టానికి దేవుని పేరు తగిలించి తండ్రి నోరు మూయించడమే తప్పు.

ఇక సంఘ పెద్దలకు ఒక మాట. పెడల్ సంఘము డబ్బుతో కొంటున్నట్లయితే మరింత జాగ్రత్త అవసరం. ఆ కానుకల పెట్టెలో బీద విధవరాలి రెండు కాసుల వంటివి కూడా ఉన్నాయి. యౌవనస్థులు అడిగిన ప్రతిదీ దుబారా అని కసురుకోవద్దు, అడిగిన ప్రతిదీ కొనిపెట్టవద్దు. దగ్గర కూర్చోబెట్టుకొని, ఏది వినబడుతుందో కలిసి వినండి. గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పలేదా?

తమ్ముడూ, నీకు సూటిగా చెబుతున్నాను. నీ చెవికి వినబడే తేడా చిన్నది, సంఘానికి వినబడే తేడా ఇంకా చిన్నది. ఇంట్లో వాన కారితే వినబడే చుక్క శబ్దం నీ తల్లికి రాత్రంతా వినబడుతుంది. రేకులు ముందు, పెడల్ తరువాత. మిగిలిన దానిలో కొత్త తీగెలు, మంచి కేబులు, ఒక మామూలు మల్టీ ఎఫెక్ట్స్ కొనుక్కో. రెండేళ్లు బాగా సాధన చెయ్యి. అప్పటికీ ఆ చేతిపని పెడల్ మీద మనసు ఉంటే, ఎవరికీ బాకీ లేని నీ డబ్బుతో, సంతోషంగా కొనుక్కో. దావీదు సౌలు కవచాన్ని తీసివేసింది అది చెడ్డదని కాదు, తనకు వాడుక లేనిదని. వాడుకైన వడిసెలతోనే ముందుకు వెళ్లాడు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మా చేతులకు నేర్పు ఇచ్చినందుకు నీకు స్తోత్రములు. కొనేముందు లెక్క చూసుకొనే బుద్ధిని, మా ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకొనే ధైర్యాన్ని దయచేయుము. ఇంటివారి అక్కరలను మా కళ్లకు కనబరచుము. యేసు నామములో అడుగుచున్నాము. ఆమేన్.