పనివాని మేనికి తగిన పనిముట్టు



పూర్వము తాళపత్రములపై గ్రంథములు వ్రాసిన లేఖకులు, గ్రంథాంతమున తమ నడుమును మెడయు పడిన బాధను చెప్పుకొని, ఇంత శ్రమతో వ్రాసినదానిని కాపాడుడని వేడుకొనుట కలదు. చదువరులు దానిని ఆచారమనుకొని దాటిపోవుదురు. కాని అది నిజమైన నొప్పియే. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని, పనివారల రోగములను గూర్చి 1700లో ప్రకటించి 1713లో పెంచిన గ్రంథమున, కదలక కూర్చుండుట వలనను, చేయి ఎడతెగక ఆడుట వలనను వ్రాయసగాండ్రకు బాధలు కలుగునని వ్రాసెను.

అంత దూరము పోనక్కరలేదు. అంబర్‌పేట, ఉప్పలు దాటి వరంగల్లు బాటను పోయినచో భువనగిరి, ఆ పిమ్మట ఆలేరు వచ్చును. ఆ ప్రాంతమున పోచంపల్లి తీరు చీరలు నేయుదురు. చిటికి కట్టి రంగులద్దుటకు ముందు నూలును ఆసు పోయవలెను. అనగా, అర్ధచంద్రాకారముగ నాటిన మేకులకును ఎదుటి మేకునకును నడుమ దారమును త్రిప్పవలెను. చేయి ప్రతిమారును గజమంత దూరము పోయి రావలెను. ఒక చీరకు ఇట్లు సుమారు 9,000 మార్లు. దినమునకు రెండు చీరలైనచో 18,000. ఈ పని ఇంటి ఆడువారిది. చీరను చూచినవారు రంగును మెచ్చుకొందురు, నేతగానిని మెచ్చుకొందురు; ఆసు పోసిన భుజమును తలచువారు అరుదు.

దారమునకు బరువెంత? దోషము బరువునందు లేదు. చేయి ఎత్తియే యుంచినచో కండరము బిగిసి, లోని సన్నని రక్తనాళములు నొక్కుకొని, నెత్తురు చాలినంత పారదు. ఒకే కదలిక వేలమార్లు జరిగినచో స్నాయువులు ఒరిపిడి పొంది నొచ్చును. రాత్రి నిద్రతో ఆ కొరత తీరకమునుపే తెల్లవారును, మరల ఆసు ఎదుట కూర్చుండవలెను.

ఆలేరు చెంత శారాజీపేటలో చింతకింది మల్లేశము తల్లి లక్ష్మికి ఈ పనివలననే భుజములును మోచేతులును పట్టివేసినవి. ఆరవ తరగతితో చదువు మానిన ఆ కుమారుడు 1992లో పూనుకొని, తల్లి చేతి కదలికలను ఒక్కొక్కటిగ విడదీసి చూచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అమరిక కూర్చెను. మేకు చుట్టును దారము తిరుగు కదలిక మాత్రము లొంగలేదు. కూడబెట్టినది వ్యయమయ్యెను, ఎగతాళియు తప్పలేదు. పొట్టకూటికై హైదరాబాదు చేరి పని చేయుచుండగా, అచట ఒక యంత్రపు కదలికను చూచి తన చిక్కునకు విరుగుడు కనుగొనెను. 1999లో ఆసుయంత్రము సిద్ధమయ్యెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. బిరుదుల మాట యట్లుండనిండు. తల్లి నొప్పి ఏ కదలికలో పుట్టుచున్నదో అతడు వెదకిన తీరే, ఎర్గొనామిక్స్ అను శాస్త్రము నడచు తీరు.

నేడు ఉప్పలు, నాచారముల కార్ఖానాలలో నిలువుకాళ్ల పని చేయువారును, కంప్యూటరుల యెదుట కూర్చుండి పని చేయువారును ఎందరో కలరు. తెర పై అంచు కంటి ఎత్తునకు మించరాదు. మోచేయి బల్లయెత్తున నిలువవలెను. గంటకొకమారైన లేచి నాలుగడుగులు వేయవలెను. సాయంకాలము ఒక్కమారుగ తీసికొను విశ్రాంతికన్న ఇట్టి చిన్న విరామములు మేలు. పాదములు నేలనంటనిచో క్రింద ఒక పీట చాలును, క్రొత్త కుర్చీ అక్కరలేదు.

ఇక నేలపై కూర్చుండి వ్రాయువారి మాట. తాతలనాటి ఏటవాలు వ్రాతపెట్టె కాగితమును కంటికి దగ్గరగ తెచ్చి మెడను వంగనీయకుండెను. దానిని అటకపై పడవేసినవారు దించి, దుమ్ము తుడిచి చూచుకొనవచ్చును.