హోస్ట్ మారింది, మెయిల్ ఎక్కడికి పోయింది?

హోస్ట్ మార్చాక సైట్ బానే ఓపెన్ అవుతుంది, కస్టమర్ల మెయిల్స్ మాత్రం రావు. సైట్ డౌన్ అయితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మెయిల్ పోతే మనకి తెలీదు కూడా.

సైట్ ఎక్కడుందో చెప్పేది ‘ఎ’ రికార్డ్, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డ్. నేమ్‌సర్వర్లు మారిస్తే పాత ఎంఎక్స్ దానంతటదే కొత్త డీఎన్‌ఎస్‌లోకి రాదు.

మెయిల్ గూగుల్ లాంటి చోట విడిగా ఉంటే, నేనైతే ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు ముందే కాపీ చేసి, తర్వాతే నేమ్‌సర్వర్లు మారుస్తా.

మెయిల్ కూడా కొత్త హోస్ట్‌కే వెళ్తోందా? డాట్‌కామ్‌లో పాత నేమ్‌సర్వర్ వివరాలు 1,72,800 సెకన్లు, అంటే 2 రోజుల దాకా క్యాష్‌లో ఉండొచ్చు. ఆలోపు కొన్ని మెయిల్స్ పాత సర్వర్‌కే వెళ్తాయి. అందుకే పాత అకౌంట్ వెంటనే క్లోజ్ చేయకండి, రెండు ఇన్‌బాక్స్‌లూ చూడండి.